యాత్రా వ్యాసంలో కర్త ఎవరు?

ఈ మధ్య తెలుగు పత్రికల్లో యాత్రా రచనలు విరివిగా వస్తున్నాయి. వాటిని గురించిన విమర్శ మాత్రం అంత విరివిగా రావడం లేదు. వచ్చేదీ పీఠికల రూపంలోనే వస్తున్నది. పీఠికలో రచయితను నొప్పించడం మర్యాద కాదు గనుక దాన్ని విమర్శ కింద జమకట్టలేము. రచయిత నొచ్చుకుంటాడనే భయం లేకుండా ఒక యాత్రా వ్యాసాన్ని ఆమూలాగ్రంగా పరిశీలించాలని నాకు చాలాకాలంగా వుంది. అందుకు తగిన వ్యాసం ఒకటి దొరికింది. దాని పేరు "కొండజాతుల నడుమ మూడు పగళ్లు, రెండు రాత్రులు". పద్నాలుగు పేజీలు. అచ్చు కాలేదు. 2020 జనవరిలో రాసినవాణ్ణి నేనే.

వ్యాసానికి వస్తువు ఇది. 2019 డిసెంబరులో ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ నగరానికి ఒక సదస్సుకు వెళ్లాను. సదస్సు ముగిశాక నాలుగు రోజులు మిగిలాయి. ఆ నగరంలో వీధి వీధికీ ఒక యాత్రల దుకాణం వుంటుంది. 1970ల నుంచీ అక్కడ సాగుతున్న వ్యాపారం అది: ఒక గైడు వెంట అడవిలో నడవడం, రాత్రిళ్లు కరెన్, లాహూ, అఖా, హ్మోంగ్ వంటి కొండజాతుల పల్లెల్లో పడుకోవడం, చివరి రోజున వెదురు తెప్ప మీద ఏరు దిగి నగరానికి తిరిగి రావడం. సదస్సుకి వచ్చిన మరి నలుగురితో కలిసి నేనూ డబ్బు కట్టాను. రెండు బల్లలు బిగించిన చిన్న లారీలో మమ్మల్ని మే వాంగ్ కొండల దాకా తీసుకుపోయారు. అక్కడినుంచి నడక. రెండు రాత్రులూ కరెన్ పల్లెల్లో గడిపాము.

తిరిగి వచ్చి రాసిన వ్యాసాన్ని బి.ఏ. విద్యార్థులకు తరగతిలో చదివి వినిపించాను. పాఠం చెప్పే వంకతో మెప్పు సంపాదించే ఈ అలవాటు అధ్యాపకులలో నాకొక్కడికే వుందని నేననుకోను. చదవడం ముగిశాక, పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో వుండి చదువుకునే ఒక అమ్మాయి లేచి అడిగింది: "ఆ ఊళ్లో వాళ్లు ఎప్పుడూ నవ్వుతూనే వుంటారా సార్? పని ఎప్పుడు చేసుకుంటారు?"

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లి ఎర్ర సిరా కలం తీసుకుని కూర్చున్నాను.

వాక్యంలో కర్త, కర్మ, క్రియ అని చిన్న తరగతుల్లోనే నేర్పుతాము. నా వ్యాసంలో "నేను", "మేము" కర్తలుగా వున్న క్రియలు రెండు వందల పైచిలుకు తేలాయి. నడిచాను, ఎక్కాము, దాటాము, అలసిపోయాము, ఆశ్చర్యపోయాను, తిన్నాము, నిద్రించాము. పల్లెవాళ్లు కర్తలుగా వున్న క్రియలు ముప్ఫైకి మించలేదు. అందులో "నవ్వారు", "చిరునవ్వు నవ్వింది" అన్నవే పదకొండు. మిగిలినవి కూర్చున్నారు, చూశారు, స్వాగతం పలికారు. క్రియలు దక్కని చోట వాళ్లకి విశేషణాలు దక్కాయి: అమాయకులు, నిరాడంబరులు, కల్మషం లేనివారు. ఇంతా చేసి మేము అడవిలో చేసిన పని ఏమిటి? కాళ్లు కదపడం. మా బియ్యం, కూరగాయలు, దుప్పట్లు మోసింది గైడూ, అతని వెంట వచ్చిన కుర్రవాడూను. వంట చేసింది వాళ్లే. పరుపులు వేసింది, నీళ్లు తెచ్చింది ఆ ఇంటి ఆడవాళ్లు. తెప్ప కోసం వెదుళ్లు నరికి, చీల్చిన వెదురు బద్దలతో కట్టింది మరొకరు. వాళ్లలో ఎవరికీ నా వ్యాసంలో క్రియాపదం లేదు.

ఆరో పేజీలో ఒక వాక్యం వుంది. తెల్లవారుజామున ఎక్కడినుంచో లయబద్ధమైన చప్పుడు మృదంగ ధ్వనిలా వినవచ్చిందనీ, ప్రకృతే మమ్మల్ని మేల్కొలుపుతున్నట్లు తోచిందనీ రాశాను. ఆ వాక్యాన్ని రాసినప్పుడు చాలా మురిసిపోయాను. ఆ చప్పుడు కాలితో తొక్కే రోకలిది. ఇంటావిడ నాలుగు గంటలకే లేచి మాకు ఉదయపు అన్నం కోసం వడ్లు దంచుతున్నది. ఈ సంగతి నాకు ఆనాడే తెలుసు. అరుగు దిగి వెళ్లి నా కళ్లతో చూశాను. అయినా చప్పుడుని వుంచి, దంచే మనిషిని తీసేశాను. ఎందుకు తీసేశానంటే, మృదంగం వాయించే ప్రకృతి ఎదుట నేను రసికుణ్ణి. దంచే మనిషి ఎదుట, దంచిన అన్నం తినేవాణ్ణి మాత్రమే.

శ్రమ చేసినవాడెవడని పద్యంలో అడగడం శ్రీశ్రీ తరవాత మనకి అలవాటైన పని. వచనంలో, అందులోనూ మనం సెలవులకి వెళ్లిన చోట్ల, ఆ అలవాటు మనల్ని వదిలేస్తుంది. అప్పుడు మనకి తెలియకుండానే ప్రబంధకవులమవుతాము. ఇది వెక్కిరింతగా అనడం లేదు. ఆ యాత్రల దుకాణం గోడమీద వేలాడే కార్యక్రమ పట్టికను చూసిన తెలుగు ఎం.ఏ. ఎవరికైనా దండి చెప్పిన అష్టాదశ వర్ణనలు గుర్తుకు రాక తప్పదు. మొదటి రోజు శైలవర్ణన, జలపాతం దగ్గర జలక్రీడ. రాత్రి నెగడు దగ్గర బియ్యపు సారాతో మధుపానం. మరునాడు సూర్యోదయం, ఆపైన ప్రయాణం. ప్రబంధంలో ఈ వర్ణనలన్నీ కృతిభర్త ఉల్లాసం కోసం. ఇక్కడ టిక్కెట్టు కొన్నవాడే కృతిభర్త. పెద్దన ప్రవరుణ్ణి చూడండి. సిద్ధుడిచ్చిన పాదలేపనం పూసుకుని క్షణంలో హిమాలయం చేరాడు. మంచుకి లేపనం కరిగిపోయాక గాని తాను సొంత కాళ్లతో రాలేదన్న సంగతి తెలిసిరాలేదు. మాకు పాదలేపనం ఆ గైడు. మా లేపనం చివరి దాకా కరగలేదు గనుక దాని సంగతి మాకు పట్టనే లేదు.

ఇక వ్యాసంలోని అన్నిటికంటె పెద్ద తప్పు తొమ్మిదో పేజీలో వుంది. రెండో రోజు మధ్యాహ్నం ఒక ఏటవాలు మీద దట్టంగా పెరిగిన చెట్ల మధ్యనుంచి నడిచాము. దాన్ని "మనిషి అడుగు పడని కన్యారణ్యం" అని వర్ణించాను. ఛాయాచిత్రం కూడా జతచేశాను. ఆ చిత్రం తరగతిలో చేతులు మారుతూ పాడేరు అమ్మాయి దగ్గరికి వెళ్లింది. ఆమె కాసేపు చూసి, "ఇది అడవి కాదు సార్, బీడు పెట్టిన పోడు. మొదళ్లు చూడండి, నరికిన చోటునుంచే పక్కకి కొమ్మలు లేచాయి" అన్నది.

నేను డైరీ తిరగేశాను. ఆ చోట గైడు అన్న మాట అందులో రాసివుంది. "మా పెత్తల్లి చేను. ఆరేళ్లయింది" అన్నాడు. చెట్ల మధ్య నిలబడి చేను అంటాడేమిటి, ఇంగ్లీషు సరిగా రాక ఏదో తడబడివుంటాడు అనుకుని వ్యాసంలోకి తీసుకోలేదు. పెద్ద చదువు చదివిన పండితుడు మూడు భాషలు మాట్లాడే మనిషి వాక్యాన్ని దిద్దాడన్నమాట!

ఆ తరవాత పుస్తకాలు చదివి తెలుసుకున్న సంగతులు కొన్ని చెప్పాలి. కరెన్‌ల వ్యవసాయం మన మన్యపు పోడుకి దగ్గరి చుట్టం. ఒక ఏటవాలు మీద చెట్లని నడుమెత్తున నరికి, పెద్ద మానుల కొమ్మలు మాత్రం కోసి, ఎండాక వేసవిలో కాల్చి, వానలకి కొండవరి చల్లుతారు. వరితోపాటే అదే చేలో గుమ్మడి, దోస, మిరప, నువ్వులు వేస్తారు. ఒక పంట తీశాక ఆ నేలని వదిలేసి మరో ముక్కకి వెళతారు. ఏడెనిమిదేళ్లకి తిరిగి మొదటి ముక్క దగ్గరికి వస్తారు. మొదళ్లు బతికే వుంటాయి గనుక చెట్లు తొందరగా లేస్తాయి. బిడ్డ పుట్టినప్పుడు బొడ్డుతాడుని వెదురు గొట్టంలో పెట్టి ఒక చెట్టుకి కడతారు. ఆ చెట్టుని ఎవరూ నరకకూడదు. బొడ్డు కోసిన ఊరు అని మనమంటాము. వాళ్లకి బొడ్డు కట్టిన చెట్టు వుంది. అంటే నేను అడుగుపడని అడవి అన్నది ఒక కుటుంబపు పంటల లెక్క. ప్రతి ముక్కకీ వయస్సు వుంది, హక్కుదారు వున్నారు.

నా పొరబాటు నా ఒక్కడి అజ్ఞానమైతే దీనికి ఇంత సిరా ఖర్చు చేయనక్కరలేదు. సరిగ్గా నేను చేసిన పొరబాటునే థాయి ప్రభుత్వం చట్టంగా చేసింది. 1961లో జాతీయవనాల చట్టం, 1964లో రిజర్వు అడవుల చట్టం వచ్చాయి. చేను బీడుగా వున్నప్పుడు అధికారి వచ్చి చూస్తే అది అడవి. మళ్లీ నరికితే రైతు నేరస్తుడు. ఆ కొండల మీది టేకుని పందొమ్మిదవ శతాబ్దం చివరినుంచి లారీకెత్తినట్లు ఎత్తుకుపోయింది బొంబే బర్మా, బోర్నియో కంపెనీ వంటి బ్రిటిష్ సంస్థలు. 1988లో దక్షిణాన వరదలొచ్చి జనం చచ్చిపోయాకగాని, 1989లో, కలప నరికివేతని నిషేధించలేదు. కాని అడవిని కాల్చేవాడు ఎవడని అడిగితే నగరంలో ఎవరైనా కొండలవైపే చెయ్యి చూపుతారు. 2010 ఆగస్టులో కరెన్‌ల జీవన విధానాన్ని కాపాడాలని మంత్రివర్గం తీర్మానించింది. 2013లో సంస్కృతి మంత్రిత్వశాఖ వాళ్ల వ్యవసాయాన్ని జాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. 2014లో సైనిక ప్రభుత్వం అడవుల ఆక్రమణని తొలగించే పేరుతో ఉత్తర్వు జారీచేసింది. ఒక శాఖకి వారసత్వమైనది మరో శాఖకి నేరం.

ఈ వైరుధ్యం ఎంత దూరం పోగలదో కెంగ్ క్రచాన్ చెబుతుంది. అది చియాంగ్ మాయ్‌కి చాలా దక్షిణాన, ఫెచ్చబురి ప్రాంతంలో వున్న జాతీయవనం. 2011లో అక్కడి అధికారులు కరెన్‌ల ఇళ్లని, ధాన్యపు కొట్లని తగలబెట్టారు. ఆ జనం తరఫున పనిచేస్తున్న బిల్లీ అనే కరెన్ యువకుడు 2014 ఏప్రిల్లో కనిపించకుండా పోయాడు. అతని ఎముక దొరికిందని దర్యాప్తు శాఖ 2019లో ప్రకటించింది. 2021లో ఆ వనానికి ప్రపంచ ప్రకృతి వారసత్వ స్థలమనే గౌరవం దక్కింది. రంప కథ తెలిసిన మనకి ఇందులో వింత లేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, పోడు మీద ఆంక్షలు, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేవడం మనం పాఠాలుగా చెబుతున్నవే. అయినా మే వాంగ్‌లో ఆ మొదళ్లు చూసినప్పుడు ఆ పాఠం నాకు పనికి రాలేదు. టిక్కెట్టు కొన్న నాకు ఆ ఏటవాలు మీద నడిచే హక్కు వుంది. గైడు పెత్తల్లికి దాన్ని దున్నే హక్కు మీద వివాదం వుంది. వ్యాసంలో వుండవలసిన వాక్యం ఇది. దీని స్థానంలో "కన్యారణ్యం" వుంది.

మాటల సంగతి కూడా చూడాలి. థాయి భాషలో కొండజాతులని "చావ్ ఖావ్" అంటారు. "ఖావ్" అంటే కొండ. అవే అక్షరాలతో రాసే మరో మాటకి "వాళ్లు" అని అర్థం. కొండవాళ్లు అన్నా, మనవాళ్లు కానివాళ్లు అన్నా కాగితం మీద ఒకటే! కరెన్‌లు తమని తాము "ప్గాకెన్యో" అని పిలుచుకుంటారు. దానికి అర్థం మనుషులు అని. మనం మాత్రం తక్కువ తిన్నామా? పోలీసులు జనాన్ని కొడితే మన అభ్యుదయ పత్రికలు "ఆటవిక చర్య" అని ఖండిస్తాయి. అడవిలో వుండేవాళ్లు ఎవరి మీదా లాఠీ ఎత్తలేదు. లాఠీ పుట్టింది పట్నంలో. పాడేరు నుంచి వచ్చిన పిల్లలు కూర్చున్న తరగతిలో నేనీ మాటని ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు.

ఇంతవరకు చదివిన మిత్రులు, నాకు కనువిప్పు కలిగిందనీ ఇకమీదట మంచి వ్యాసం రాస్తాననీ అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కిందటేడు రెండవ ప్రతి రాశాను. మృదంగం పోయింది, కన్యారణ్యం పోయింది. చట్టాలన్నీ వచ్చి చేరాయి. పౌరసత్వపు కాగితాలు లేని జనం సంగతి, 2024 అక్టోబరులో దాదాపు 4 లక్షల 83 వేలమందికి నివాస హక్కు, పౌరసత్వం త్వరగా ఇవ్వాలని థాయి మంత్రివర్గం చేసిన నిర్ణయం, అన్నీ వచ్చాయి. దాన్ని ఆ పాత విద్యార్థినికి పంపాను. ఆమె ఇప్పుడు ఏజెన్సీలోనే ఒక బడిలో పంతులమ్మ. చదివి ఒక్క ముక్క రాసింది: "ఈసారి ఒక్కరూ నవ్వలేదేం సార్?"

మళ్లీ ఎర్ర సిరా. మొదటి ప్రతిలో పల్లెవాళ్లకి విశేషణాలు దక్కాయని చెప్పాను. రెండవ ప్రతిలో వాళ్లకి కర్మణి ప్రయోగం దక్కింది. వెళ్లగొట్టబడ్డారు, దోచుకోబడ్డారు, మోసగించబడ్డారు. కర్త ఎప్పుడూ ప్రభుత్వమో కంపెనీయో. కర్తృత్వం యాత్రికుడినుంచి అధికారికి బదిలీ అయింది గాని పల్లెకి రాలేదు. మన అభ్యుదయ రచనకి ఈ జబ్బు పాతదే. బాధితుణ్ణి బాధితుడిగా తప్ప చూడలేకపోవడాన్ని మనం నిబద్ధత అనుకుంటున్నాము. ఇది సరికాదని నా దృఢాభిప్రాయం.

నేను చూసిన పల్లెలో అతిథుల్ని ఇళ్లవారీగా వంతులేసుకున్నారు. ఏ ఇంటి వంతు ఎప్పుడో పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. ఎవరి ఇంట్లో బాలింత వుంటే ఆ ఇంటిని తప్పిస్తారు. తలకి ఇంతని ఆ ఇంటికి ముడుతుంది, కొంత ఊరి ఖాతాకి పోతుంది. దుకాణంవాడు తగ్గించబోతే గైడు తగవుపడతాడు. ఆ తగవు నా ముందే జరిగింది, కాని నాకు నచ్చలేదు. అడవిలో బేరమేమిటి అనుకున్నాను! 2020లో రోగం వచ్చి ప్రపంచం తలుపులేసుకున్నప్పుడు, కరెన్ పల్లెలు ఎన్నో తమ దారులకి వెదురు అడ్డం కట్టి బయటివాళ్లని రానివ్వలేదు. యాత్రికుడు పోతే వాళ్లకి బతుకు లేదని జాలిపడేవాళ్లు ఇది గమనించాలి. అదే ఏడు ఉత్తరపు కరెన్‌లు తమ కొండబియ్యాన్ని ఫుకెట్ తీరపు సముద్రజాతుల ఎండుచేపలతో మార్చుకున్నారు. అడ్డం కట్టారు, మార్చుకున్నారు. ఇవి క్రియలు. గైడుకి మాత్రం జీతం పోయింది. ఊరికి పోయి చేలో దిగాడు. 2021లో ఒక ఛాయాచిత్రం పంపాడు. ఏటవాలు మీద పచ్చని వరి. నా కన్యారణ్యం అదేనని కింద రాశాడు.

అడవిని గురించి వామపక్షానికి సొంత ప్రబంధం ఒకటి వుంది. దాన్ని వదిలేస్తే ఈ విమర్శ ఏకపక్షమవుతుంది. థాయి భాషలో "ఖావ్ పా", అడవిలో ప్రవేశించడం, అంటే సాయుధ పోరాటంలో చేరడమని ఒక తరానికి అర్థం. మన అభ్యుదయ విమర్శకి సహోదరుడనదగిన చిత్ ఫూమిసక్ 1957లో ప్రజల కోసం కళ అని వాదించి పుస్తకం రాశాడు. ఆయన మాటల పుట్టుక వెతికిన భాషావేత్త కూడా. ఆరేళ్లు జైల్లో వుండి, 1965లో ఈశాన్యపు అడవికి వెళ్లి, 1966 మే 5న కాల్చివేతలో మరణించాడు. 1976 అక్టోబరు 6న తమ్మసాత్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఊచకోత జరిగాక వేలమంది యువకులు కొండలకి వెళ్లారు. అందులో కొందరికి ఆశ్రయమైన ఫూ హిన్ రోంగ్ క్లా కొండ 1984లో జాతీయవనమైంది. పార్టీ నడిపిన బడిని, ఆసుపత్రిని నేడు యాత్రికులు టిక్కెట్టు కొని చూస్తున్నారు. వాళ్ల త్యాగాన్ని యాత్రికుడి విహారంతో ఒకే తక్కెడలో తూచే తెలివితక్కువతనం నాకు లేదు. కాని "అడవిలో ప్రవేశించడం" అన్న పలుకుబడిని వ్యాకరణ దృష్టితో చూడండి. ప్రవేశించేవాడు పట్నంనుంచి వచ్చినవాడే. ముందే అక్కడ వున్న హ్మోంగ్ రైతు ఎక్కడికీ ప్రవేశించడు. మన తెలుగు కవిత్వంలో అడవి విప్లవానికి ప్రతీక అయి చాలాకాలమైంది. ఆ అడవిలో ఎందరు మనుషులున్నారో, వాళ్ల చేలు ఏ ఏడాది బీడులో వున్నాయో చెప్పే కవితలు ఎన్ని అని ఎవరైనా విద్యార్థి లెక్కతీస్తే ఈ పత్రికకి మంచి వ్యాసమవుతుంది.

ఒక ఆక్షేపణ వుంది. యాత్రా వ్యాసం గణాంకాల నివేదిక కాదు, మూడు రోజుల్లో చూసినదే గదా రాస్తాడు, అంటారు. ఒప్పుకుంటాను. ఏనుగుల వీరాస్వామయ్య కూడా 1830లో మద్రాసునుంచి కాశీకి బయలుదేరి దారిలో చూసినదే రాశాడు. కాని ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో, దారి ఎలాంటిదో రాసుకున్నాడు. ఆయన సుప్రీంకోర్టులో దుబాసీ. ఒకరి మాటని మరొకరికి చేర్చడంలో ఏది జారిపోతుందో తెలిసిన వృత్తి. నేను జారవిడిచినది నివేదికలకి సంబంధించింది కాదు. అది నా ఎదుట అన్న మాటే.

రెండో రాత్రి నెగడు దగ్గర ఆ ఇంటి ముసలమ్మ నన్ను చూసి చాలాసేపు ఏదో అడిగింది. గైడు ఒక్క ముక్కలో అనువదించాడు: "మీ రాక సంతోషమంటోంది." ఇంత పొడుగు ప్రశ్నకి ఇంత పొట్టి అనువాదమా అని అనుమానం వచ్చినా, సంతోషాన్ని కాదనడం ఎందుకని వ్యాసంలో అదే రాశాను. పదకొండు నవ్వుల్లో అదొకటి. తిరుగు ప్రయాణంలో లారీలో గైడుని నిలదీస్తే చెప్పాడు. అతిథులకి నచ్చని మాటలు తాను అనువదించడట. అతని ఉద్యోగం అది. ముసలమ్మ అడిగింది ఇదీ: "ఇతనికి ముసలితనం లేదు, జబ్బు లేదు. కోతలైన నెలలో ఇన్నాళ్లు ఊరికే తిరుగుతున్నాడు. అక్కడ ఇతని పని ఎవరు చేస్తున్నారు?"

ఆ ప్రశ్న డైరీలో వుంది. రెండు ప్రతుల్లోనూ లేదు. ఆ వారమంతా నా పీరియడ్లు చెప్పింది మా కళాశాలలో గంటల లెక్కన డబ్బు తీసుకునే అతిథి అధ్యాపకుడు. నాకంటె రెండేళ్లు పెద్ద, నాతోపాటే ఎం.ఏ. చేశాడు. ఆ నెల ఆయనకి రావలసిన డబ్బు మార్చిలో వచ్చింది.